కాఫీతో స్టిల్ లైఫ్ చిత్రణ

చిక్కటి డికాక్షన్‌ను గానీ, కొద్దిపాటి నీటిలో కలిపిన ఇన్‌స్టంట్ కాఫీ పొడిని గానీ రంగుగా వాడి, పండ్లు, పూలు, పాత్రల వంటి కదలని వస్తువులను కాగితంపై చిత్రించే ఈ పద్ధతి నీటిరంగుల చిత్రణలో ఒక శాఖ. శాస్త్రపరిభాషలో మాత్రం కాఫీ వర్ణకం కాదు. నీటిలో కరగకుండా సన్నని రేణువులుగా నిలిచేది వర్ణకం కాగా, గింజలు వేగేటప్పుడు చక్కెరలకూ అమైనో ఆమ్లాలకూ మధ్య జరిగే చర్యలో పుట్టే మెలనాయిడిన్లు అనే గోధుమవన్నె పదార్థాలు చాలావరకు నీటిలో కరిగి, కాగితపు పీచులోకి ఇంకి, అద్దకపు రంగులా పట్టుకుంటాయి.

ఈ పద్ధతి మూలాలను కాఫీ చరిత్రలో కన్నా ఏకవర్ణ చిత్రణ చరిత్రలో వెతకడమే సబబు. బీచ్ కట్టెల మసి నుంచి తీసిన బిస్టర్ అనే గోధుమరంగు సిరాను 17వ శతాబ్దంలో రెంబ్రాంట్, క్లాడ్ లోరేన్ వాడారు. 18వ శతాబ్దం చివర కటిల్‌ఫిష్ సిరా సంచి నుంచి తీసే సెపియా దాని స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. స్టిల్ లైఫ్‌లో సైతం హాలండ్‌లోని హార్లెం చిత్రకారులు పీటర్ క్లాస్, విల్లెం క్లాస్ హెడా తైలవర్ణాలు చేతిలో ఉండి కూడా గోధుమ, బూడిద ఛాయలకే పరిమితమై, సగం తిన్న రొట్టెను, గాజు గ్లాసును, తళతళలాడే లోహపు పళ్లేన్ని కళ్లకు కట్టారు. ఒక్క రంగుతో వెలుగును ఎలా చూపాలో వారి చిత్రాలకు మించి నేర్పే గురువు లేడు.

చిత్రంలో వస్తువుగా కాఫీ ముందే చోటు సంపాదించుకుంది. ఫ్రెంచి చిత్రకారుడు షార్దాన్ 1761 ప్రాంతంలో గీసిన నీళ్ల గ్లాసు, కాఫీ పాత్రల చిత్రం నేడు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో ఉంది. కాఫీనే రంగుగా వాడినవారిలో ప్రసిద్ధుడు ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో. జీవితకాలంలో దాదాపు 4,000 చిత్రాలు గీసిన ఆయన సిరాతో పాటు కాఫీని, మసిని, బొగ్గును కూడా వాడాడు. అయితే ఆయనకు ఇష్టమైనవి కోటలు, సముద్రాలే గాని బల్లమీది వస్తువులు కావు. నెస్లే సంస్థ 1938లో నెస్కెఫేను విడుదల చేశాక ఇన్‌స్టంట్ పొడి ఇంటింటికీ చేరి, చిక్కదనాన్ని చెంచా లెక్కన కొలుచుకునే వీలు కలిగింది.

స్టీలు గ్లాసును గీయాలనుకుంటే, అంచుమీది మెరుపుకు తెల్ల కాగితాన్నే వదిలి, గ్లాసంతటికీ పలచని పూత వేసి, అది పూర్తిగా ఆరాక ముదురు పూతలు ఒకదానిపై ఒకటి వేస్తూ, చివరకు అడుగున పడే నీడకు నీరు దాదాపు కలపని కాఫీని అద్దుతారు. ఆరిన పూత తడి తగిలితే మళ్లీ కరుగుతుంది కనుక కుంచెను ఒకేచోట రుద్దకూడదు. కాఫీ చుక్క ఆరేటప్పుడు అంచుల వద్ద నీరు త్వరగా ఆవిరై, లోపలి ద్రవం రేణువులను మోసుకుంటూ అంచుకు ప్రవహించడం వల్లనే అక్కడ ముదురు గీత ఏర్పడుతుందని షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1997లో వివరించారు. నేర్పరి చేతిలో ఆ గీతే పండు అంచును తీర్చిదిద్దుతుంది.

ఈ మాధ్యమపు పెద్ద లోపం అశాశ్వతత్వం. కాఫీ ఆమ్లగుణం కలది, పైగా వెలుతురుకు వెలిసిపోతుంది. పాలు, చక్కెర కలిస్తే బూజు, చీమల బెడద తప్పదు. అందువల్ల ఈ చిత్రాలను ఆమ్లరహిత కాగితంపై గీసి, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే అద్దం బిగించి, ఎండ సోకని గోడకు తగిలించాలి.