ఆడ్రియాటిక్ తీరపు రహదారి

1956 జూలైలో జవాహర్‌లాల్ నెహ్రూ, టిటో, నాసర్ సమావేశమైన బ్రియోని ద్వీపము ఆడ్రియాటిక్ సముద్రపు ఉత్తరభాగమున గలదు. ఆ సముద్రపు తూర్పుతీరము వెంబడి, ఆ రోజులలోనే, యుగోస్లావియా ప్రభుత్వము ఒక గొప్ప రహదారిని నిర్మించుచుండెను. ఒక దేశము కూడుటకును, విడిపోవుటకును ఆ దారి సాక్షిగా నిలిచినది.

అంతకు పూర్వము ఆ తీరవాసులకు సముద్రమే దారి. వెలెబిట్ మొదలగు సున్నపురాతి పర్వతములు వెనుక గోడవలె నిలిచియుండుటచే, పొరుగూరికి బండిలో కంటె పడవలో పోవుటయే సులభముగ నుండెను. శతాబ్దములపాటు తీరము చాలవరకు వెనిస్ ఏలుబడిలోను, కొండల ఆవలి భూములు తురుష్కుల ఏలుబడిలోను ఉండెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఏర్పడిన సమాఖ్య ప్రభుత్వము ఈ ఊళ్లను ఒక త్రాట గ్రుచ్చదలచినది. 1960ల మధ్యనాటికి రియెకా, జాదర్, స్ప్లిట్, దుబ్రోవ్నిక్ పట్టణములను కలుపుచు మాంటెనీగ్రో వరకు దారి పడినది. నేటి క్రొయేషియాలోని భాగమే దాదాపు 640 కిలోమీటర్లు. ఒకవంక నీలిసముద్రమును దీవులును, వేరొకవంక బోడికొండలు. కొండలపైనుండి ‘బురా’ అను పెనుగాలి విసరునపుడు వాహనములను ఆపివేయుటయు కలదు. విహారయాత్రికులు ఈ దారినే వచ్చి ఆ పల్లెలకు క్రొత్త జీవనోపాధి కల్పించిరి.

1991లో సమాఖ్య విచ్ఛిన్నమైనది. ఆ నవంబరులోనే 1961 నాటి మాస్లెనిత్సా వంతెన యుద్ధమున కూలినది. తీరము రెండు తునుకలై, రాకపోకలు పాగ్ ద్వీపము మీదుగా సాగవలసివచ్చెను. ఏకదేశపు దారిపై సరిహద్దు చౌకీలు వెలసినవి.

స్వతంత్ర క్రొయేషియాకు వేరొక అక్కర కలిగినది. రాజధాని జాగ్రెబ్ నుండి దక్షిణతీరమునకు శీఘ్రముగ చేరవలయును. అందుకై నిర్మించిన మోటారువే చాలవరకు తీరమును విడిచి కొండల వెనుకగా పోవును. వెలెబిట్ క్రింద దాదాపు 5.7 కిలోమీటర్ల స్వెతి రోక్ సొరంగమును తొలిచిరి. ఆ మార్గము 2005లో స్ప్లిట్ చేరువకు, 2013లో ప్లోచె చేరువకు వచ్చినది.

ఇంకొక చిక్కు 1699 నాటిది. వెనిస్‌తో ఎల్ల పంచుకొన నిష్టపడక, దుబ్రోవ్నిక్ గణరాజ్యము నెయుమ్ వద్ద తీరపు తునకను తురుష్కులకు విడిచిపెట్టెను. అది నేడు బోస్నియాలో నున్నది. కావున స్వదేశములోని దుబ్రోవ్నిక్‌కు పోవు క్రొయేషియన్లు తీరపు దారిలో రెండుమారులు సరిహద్దు దాటవలసివచ్చెడిది. 2022 జూలై 26న తెరచిన, సుమారు 2.4 కిలోమీటర్ల పెల్యేషాట్స్ వంతెన ఆ యిబ్బందిని తీర్చినది.

పాత రహదారి పాడుపడలేదు. దూరప్రయాణికులు చాలమంది తొలగినను, ఊరినుండి ఊరికి పోవువారికి అదియే ఆధారము. పాతదారి తీరపు పల్లెను పొరుగుపల్లెతో కలిపినది. క్రొత్తదారి తీరమును రాజధానితో కలిపినది. రెండును ప్రభుత్వముల దస్త్రములలో ముందు గీతలుగా పుట్టినవే. ఆ గీత ఎవరిని ఎవరికి చేరువ చేయునో, ఎవరిని దూరము చేయునో దస్త్రములు నడపు మనవంటివారు ముందుగా యోచింపదగును.