ఒక ఆట, రెండు పాఠాలు

మొన్నటి వేసవి సెలవులలో మా ఇంటికి వచ్చిన మేనల్లుడు తన టాబ్లెట్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆటలో ఒక రహస్యద్వారం కట్టడానికి మూడు సాయంత్రాలు వెచ్చించాడు. మీట లాగగానే గోడలోని రాళ్ళు వెనక్కు జరిగి దారి ఇవ్వాలి. యూట్యూబ్‌లో ఒక వీడియో చూస్తూ, గడి తరువాత గడి లెక్కపెట్టుకుంటూ కట్టాడు. ద్వారం తెరుచుకోలేదు. మూడవనాటి రాత్రి అంతా కూల్చివేసి, "నాకు రాదులే మామయ్యా" అని ముసుగు తన్ని పడుకున్నాడు.

వాడి తప్పు ఏమీ లేదని నాకు తెలిసేసరికి సెలవులు అయిపోయాయి. వీడియోలో ఉన్నది ఒక ఆట, వాడి చేతిలో ఉన్నది మరొక ఆట. పేరు మాత్రం ఒక్కటే. తాళపత్ర ప్రతులను పోల్చి చూసే పండితులు పాఠాంతరం అనే మాట వాడతారు. ఈ ఆట చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు ఆ మాటే మనసులో మెదిలింది.

మార్కస్ పెర్సన్ అనే స్వీడన్ దేశస్థుడు ఈ ఆట తొలిరూపాన్ని 2009 మే నెలలో జావా భాషలో రాసి విడుదల చేశాడు. 2011 నవంబరులో అది సంపూర్ణరూపం దాల్చింది. అయితే అదే 2011లో ఫోన్ల కోసం పాకెట్ ఎడిషన్ అని మరొకటి వెలువడింది. దీనిని సి ప్లస్ ప్లస్ భాషలో మళ్ళీ మొదటినుంచీ రాశారు. అప్పటి ఫోన్ల శక్తి ఎంత! ఆనాటి పాకెట్ ప్రపంచం ప్రతి వైపూ 256 గడులతో ముగిసిపోయేది. ఆకలి లేదు, రెడ్‌స్టోన్ యంత్రాలు లేవు, నరకాన్ని పోలిన నెదర్ లోకం లేదు. మొత్తం ప్రపంచానికే చోటు చాలనిచోట రెండో లోకాన్ని ఎక్కడ పెడతారు?

ఈ కొరత తీర్చడానికి నిర్మాతలు చేసిన ఉపాయం నాకు ఈ కథ అంతటిలోనూ మిక్కిలి ఇష్టమైన ఘట్టం. 2012లో నెదర్ రియాక్టర్ అనే వస్తువును ప్రవేశపెట్టారు. 4 బంగారు దిమ్మెలు, 14 గులకరాతి దిమ్మెలు ఒక నిర్ణీత ఆకారంలో పేర్చి, నడుమ రియాక్టర్ కోర్ ఉంచి తాకితే, చుట్టూ ఒక ఎర్రని శిఖరం లేచి, నెదర్‌లోని వస్తువులను వెదజల్లేది, అక్కడి జీవులను ఆటగాడి మీదికి వదిలేది. ఆటగాడు నరకానికి పోనవసరం లేకుండా నరకమే కాసేపు వాడి పెరట్లోకి వచ్చేదన్నమాట. జావా పాఠంలో ఇలాంటిది ఎన్నడూ లేదు. 2015లో ఫోన్లకు కూడా అసలు నెదర్ చేరగానే రియాక్టర్‌ను తొలగించారు. ఫోనులోనే ఆట నేర్చుకున్న తరానికి అది బాల్యస్మృతి; కంప్యూటరుపై ఆడినవారికి అదొకటి ఉండేదన్న సంగతే తెలియదు.

ఇక మా వాడి ద్వారం సంగతి. దిమ్మెలను నెట్టే పిస్టన్ జావా పాఠంలోకి 2011లో వచ్చింది. ఆటలో తలుపు రెండు గడుల ఎత్తు ఉంటుంది. ఏ గడికి శక్తి అందినా తలుపు తెరుచుకోవాలి. అందుకని తలుపు తన గడినీ, పై గడినీ రెంటినీ పరీక్షిస్తుంది. ఈ పరీక్షే పిస్టన్ కోడ్‌లోకి కూడా వచ్చి చేరిందని ప్రచారంలో ఉన్న వివరణ. పిస్టన్ ఎత్తు ఒక్క గడే అయినా, తన నెత్తిన ఉన్న ఖాళీ గడికి శక్తి అందితే అది కూడా కదులుతుంది. అదీ వెంటనే కాదు. పక్క గడిలో ఏదైనా మార్పు జరిగినప్పుడే దానికి మెలకువ వస్తుంది.

స్పష్టంగా ఇది లేఖకదోషం. అయినా ఆటగాళ్ళు దీనిమీదే శాస్త్రం కట్టారు. పక్కన జరిగే మార్పును పసిగట్టే మీటలు, ఇరుకు చోట్లలో ఇమిడే ద్వారాలు, ఎన్నో యంత్రాలు దీనిపై ఆధారపడ్డాయి. దీనికి క్వాజీ కనెక్టివిటీ అని గంభీరమైన పేరు కూడా పెట్టారు. చివరకు నిర్మాతలే ఇది దోషం కాదనీ, ఉద్దేశించిన ప్రకారమే పనిచేస్తున్నదనీ తేల్చి ఫిర్యాదును మూసివేశారు. సరిదిద్దితే లెక్కలేనన్ని యంత్రాలు ఒక్కరోజులో మూగబోతాయి. ఇందులో నేను నిర్మాతల పక్షమే.

ఫోన్ పాఠంలోకి పిస్టన్ 2016లో గానీ రాలేదు. కొత్తగా రాసిన కోడ్ కనుక పాత తప్పు అందులో లేదు. తర్కానికి చూస్తే ఇదే శుద్ధపాఠం. కానీ దీని చిక్కులు దీనికున్నాయి. రెండు పిస్టన్లకు ఒకేసారి శక్తి అందితే ఏది ముందు కదులుతుందో నికరంగా చెప్పలేం. జావాలో అతి స్వల్పకాలపు శక్తితో బంకపిస్టన్ దిమ్మెను వదిలేసి వెనక్కు వస్తుంది, ఇక్కడ వదలదు. అన్నిటికన్నా చిత్రం, ఇక్కడి పిస్టన్ వస్తువులతో నిండిన పెట్టెను కూడా నెడుతుంది. జావా పిస్టన్ పెట్టెను కదల్చలేదు.

యుద్ధంలోనూ తేడాలే. 2016 ఫిబ్రవరిలో జావా పాఠంలో కత్తి దూసిన ప్రతిసారీ కాస్త ఆగి బలం కూడగట్టుకోవాలన్న నియమం వచ్చింది. ఫోన్ పాఠంలో వేలు ఎంత త్వరగా ఆడితే అంత త్వరగా దెబ్బలు. ఈ విషయమై జరిగిన వాదోపవాదాల జోలికి నేను పోను.

మైక్రోసాఫ్ట్ 2014లో 250 కోట్ల డాలర్లకు ఈ ఆట సంస్థను కొన్నది. 2017 సెప్టెంబరులో ఫోన్లు, విండోస్ 10, ఎక్స్‌బాక్స్ వన్ ఒకే గూటికి చేరాయి. ఆ సందర్భంలోనే మైన్‌క్రాఫ్ట్ అన్న ఉత్త పేరు, బెడ్‌రాక్ అని మనం పిలిచే ఈ రెండవ పాఠానికి దక్కింది. మొదట పుట్టినదానికి జావా ఎడిషన్ అని విశేషణం తగిలించారు. పెద్దకొడుకు ఇంటిపేరు మార్చుకోవలసి వచ్చినట్టు!

ఆ తరువాత రెంటినీ దగ్గర చేసే పని సాగుతూనే ఉంది. 2021 నవంబరు నుంచి ఒకే బీజసంఖ్య ఇస్తే రెండు పాఠాలలోనూ దాదాపు ఒకే కొండలు, ఒకే నదులు పుడతాయి. ఒక్క ప్రాణంతోనే ఆడే హార్డ్‌కోర్ పద్ధతి 2024లో బెడ్‌రాక్‌కూ వచ్చింది. పిస్టన్లు మాత్రం దేని దారి దానిదే.

ఇదంతా మేనల్లుడికి ఫోనులో వివరించాను. సగంలోనే ఆపి, పెట్టెను నెట్టే సంగతి మళ్ళీ చెప్పమన్నాడు. ఇప్పుడు గోడ వెనుకనుంచి నిండు పెట్టె జరిగి వచ్చే ఖజానా ఒకటి కడుతున్నాడట. అది ఆ వీడియో చేసినవాడి ఆటలో పనిచెయ్యదు.