రెండు ఒళ్లలో ఒకే కాలేయం

నర్సు సెలైన్ స్టాండుకు ఇంకో సంచి తగిలిస్తోంది. ఫాస్ఫేట్. నిన్నటి నుంచి మీ రక్తంలో అది పడిపోతూ వస్తోంది. కంగారు పడకండి, పొట్టలో పని మొదలైందనడానికి అదొక గుర్తు. కణం రెండుగా చీలాలంటే శక్తి కావాలి, కొత్త డీఎన్‌ఏ కట్టుకోవాలి. రెండింటికీ ఫాస్ఫేటే ముడిసరుకు.

ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీ ఆసుపత్రి. ఇక్కణ్నుంచి నోవైలో మీ ఇంటికి కారులో అరగంట. మొన్న మీ కాలేయంలో కుడి భాగం, అంటే దాదాపు అరవై శాతం, కోసి అన్నయ్యకు పెట్టారు. దాంతోపాటు పిత్తాశయం కూడా తీసేశారు.

ఇప్పుడు లోపలికి చూడండి. పేగుల నుంచి పోర్టల్ సిర మోసుకొచ్చే రక్తం ఏమీ తగ్గలేదు. మొత్తం కాలేయానికి రావలసిన ఆ రక్తమంతా మిగిలిన ఎడమ భాగం మీదే పడుతోంది. ఆ ఒత్తిడికి రక్తనాళాల గోడలు స్పందిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-6, హెచ్‌జీఎఫ్ లాంటి సంకేతాలు విడుదలవుతాయి. ఊరికే ఉన్న కణాలు ముందు లావెక్కుతాయి, ఆ తర్వాత చీలతాయి. ఈ పనిలో పడి కూడా అవి రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లు చేస్తూనే ఉండాలి, బిలిరుబిన్‌ను బయటికి పంపుతూనే ఉండాలి. అందుకే రోజూ పొద్దున్నే మీకు రక్తపరీక్ష.

వారానికల్లా నోవైలో ఉన్నారు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ బీరకాయ పప్పు కలిపి ముద్దలు పెడుతోంది. పాల గ్యాలన్ ఎత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపుతుంది: "నువ్వు ముట్టుకోకమ్మా, నేనున్నాగా." డాక్టరు చెప్పిందీ అదే. కొన్ని వారాల పాటు బరువులు ఎత్తకూడదు, లోపలి కుట్లు గట్టిపడాలి. మధ్యాహ్నమయ్యేసరికి ఒళ్లు తెలియని నిద్ర ముంచుకొస్తుంది. పడుకోండి. పెరుగుదలలో ఎక్కువ భాగం జరిగేది ఈ తొలి వారాల్లోనే.

మూడు నెలలకు స్కాన్ తీస్తారు. కాలేయం దాదాపు పాత పరిమాణానికి వచ్చి ఉంటుంది. కోసిన కుడి భాగం మాత్రం మళ్లీ మొలవదు. మిగిలిన ముక్కే ఉబ్బి ఆ చోటు నింపుతుంది. పిత్తాశయం తిరిగి రాదు. అటు అన్నయ్య ఒంట్లో మీరిచ్చిన ముక్క కూడా ఆయన శరీరానికి సరిపడేంత పెరిగి ఆగుతుంది.

1989 నవంబరులో షికాగోలో ఒక తల్లి తన పసిబిడ్డకు కాలేయంలో ముక్క ఇచ్చింది. అమెరికాలో బతికున్న కాలేయ దాతల ప్రయాణం అక్కడ మొదలైంది. కాలేయం పెరగడం నిజమే, దాత ప్రాణానికి ముప్పు ఉండటమూ నిజమే. అది చిన్నదే, కానీ సున్నా కాదు. అందుకే ఇక్కడ రోగి వైద్యబృందంతో సంబంధం లేని ఒక ప్రతినిధిని దాత కోసం విడిగా నియమిస్తారు. ఆపరేషన్ ముందు ఆ ప్రతినిధి మీ ఒక్కరినే కూర్చోబెట్టి అడిగారు: ఎవరైనా బలవంతం చేస్తున్నారా? చివరి నిమిషంలోనైనా వద్దనవచ్చు, కారణం ఇంట్లో ఎవరికీ చెప్పరు. అన్నకు చెల్లెలు ఇవ్వక ఎవరిస్తారనే మన ఇళ్లలో ఈ ప్రశ్న మరీ అవసరం.

ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు దాత ఎలా ఉన్నారో ఆసుపత్రి లెక్క చెప్పాలి. చుట్టాలకు అలాంటి నియమం లేదు. టాఫ్ట్ రోడ్డు గుడిలో కలిసిన ప్రతివాళ్లూ అన్నయ్య ఎలా ఉన్నాడనే అడుగుతారు. చెల్లెలు ఎలా ఉందో కూడా అడగాలి. కోత ఇద్దరికీ పడింది, కోలుకోవలసిందీ ఇద్దరే.