కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్: అమెరికాలో చదువు, ఉద్యోగాలు

కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ (సీఐఎస్) కంప్యూటర్ పరిజ్ఞానాన్ని సంస్థల రోజువారీ అవసరాలతో కలిపి నేర్పే చదువు. బ్యాంకు లావాదేవీ ఎలా నమోదు కావాలి, ఆసుపత్రిలో రోగి వివరాలు ఎవరెవరికి కనిపించాలి, గిడ్డంగిలో సరుకు తగ్గితే ఎవరికి తెలియాలి వంటి ప్రశ్నలు దీని పరిధిలోవి. అల్గారిథమ్‌ల సిద్ధాంతం, కంపైలర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌ల నిర్మాణం ప్రధానంగా కంప్యూటర్ సైన్స్‌లో చదువుతారు.

అమెరికాలో ఈ విభాగం ఎక్కువగా బిజినెస్ స్కూళ్లలో ఎదిగింది. 1960ల చివర్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గోర్డన్ డేవిస్ దీనికి విద్యావిభాగంగా రూపమిచ్చినవారిలో ముఖ్యుడు. ఇప్పటికీ జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో సీఐఎస్ శాఖ బిజినెస్ కళాశాలలోనే ఉంది. కార్నెగీ మెలన్‌లో దీనికి దగ్గరి కోర్సును బిజినెస్ స్కూల్ కాని హైంజ్ కళాశాల నడుపుతోంది. కాబట్టి డిగ్రీ పేరు చూసి నిర్ణయానికి రాకూడదు. కోర్సు ఏ కళాశాల కింద ఉంది, అందులో డేటాబేస్ డిజైన్, సిస్టమ్స్ అనాలిసిస్, నెట్‌వర్క్ భద్రత, ప్రోగ్రామింగ్ ఎంత లోతుగా చెబుతారు అన్నవే అసలు కొలతలు. డేటాబేస్, సిస్టమ్స్ అనాలిసిస్ రెండూ తప్పనిసరి పాఠ్యాంశాలు కాని కోర్సును ఎంచుకోకపోవడమే మేలు. గుర్తింపు విషయానికొస్తే, కంప్యూటింగ్ కోర్సులకు అబెట్, బిజినెస్ స్కూళ్లకు ఏఏసీఎస్‌బీ గుర్తింపునిస్తాయి.

పట్టా చేతికొచ్చాక సిస్టమ్స్ అనలిస్ట్, బిజినెస్ అనలిస్ట్, డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, ఐటీ ఆడిటర్, శాప్ లేదా ఒరాకిల్ కన్సల్టెంట్ వంటి ఉద్యోగాలకు దారి ఉంటుంది. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2023లో సిస్టమ్స్ అనలిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 1,03,800 డాలర్లు, ఐటీ మేనేజర్లది 1,69,510 డాలర్లు. రెండో అంకె కొత్త పట్టభద్రులది కాదు. ఆ స్థాయికి సాధారణంగా అయిదేళ్లో అంతకు మించో అనుభవం కావాలి. ఆడిట్ వైపు వెళ్లేవారికి ఐసాకా సంస్థ ఇచ్చే సీసా సర్టిఫికెట్ బాగా అక్కరకొస్తుంది.

తెలుగు రాష్ట్రాల నుంచి ఎంఎస్‌కు వెళ్లేవారు మరో సంగతి గమనించాలి. ప్రతి కోర్సుకూ సీఐపీ అనే వర్గీకరణ కోడ్ ఉంటుంది. చదువు తర్వాత పని అనుభవానికి ఇచ్చే ఓపీటీ గడువు 12 నెలలు. కోర్సు కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉండి, ఉద్యోగమిచ్చే సంస్థ ఉద్యోగార్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉంటే, మరో 24 నెలల పొడిగింపుకు అర్హత వస్తుంది. పేర్లు దాదాపు ఒకటే అయినా బిజినెస్ కళాశాలలోని కోర్సుకు ఒక కోడ్, కంప్యూటింగ్ కళాశాలలోని కోర్సుకు ఇంకో కోడ్ ఉండవచ్చు. ఓపీటీ తర్వాతి మెట్టు హెచ్‌-1బీ ఉద్యోగ వీసాకు వార్షిక పరిమితి 65,000. అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకు పై చదువు పూర్తిచేసినవారికి మరో 20,000 ఉంటాయి. అప్పు చేసి వెళ్లే విద్యార్థులు సీటుకు డబ్బు కట్టకముందే కోర్సు సీఐపీ కోడ్ ఏమిటో విశ్వవిద్యాలయాన్ని అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.