రష్యా పాఠానికి గిరాకీ

1915 అక్టోబరు 19న లండన్ కింగ్స్ కాలేజీలో స్లావ్ జాతుల అధ్యయనానికి పెట్టిన కొత్త విభాగం ప్రారంభోపన్యాసం జరిగింది. అధ్యక్షత వహించాల్సిన ప్రధాని ఆస్క్విత్‌కు ఒంట్లో బాగాలేక, విదేశాంగ శాఖ నుంచి లార్డ్ రాబర్ట్ సెసిల్ వచ్చి కూర్చున్నాడు. వక్త టోమాష్ మసారిక్. ప్రాగ్‌లో తత్వశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు, ఆస్ట్రియా పాలన విడిచి దేశం దాటి వచ్చిన 65 ఏళ్ల మనిషి. యూరప్ సంక్షోభంలో చిన్న జాతుల సమస్య అన్నది ఆయన ఎంచుకున్న విషయం. జర్మనీకీ రష్యాకీ నడుమ నలుగుతున్న జాతుల సంగతి తేల్చకుండా యుద్ధం ముగిసినా ఫలితం లేదన్నాడు. పాఠం వినడానికి వెళ్లినవాళ్లకు నిజానికి వినిపించింది ఒక దేశం తరఫున దాఖలైన అర్జీ. ఒక్క ఉపన్యాసంతో దేశాలు రావు. కానీ మూడేళ్లు తిరిగేసరికి ఆయన చెకొస్లొవేకియా అధ్యక్షుడయ్యాడు.

అంతకుముందు ఇంగ్లండులో ఈ చదువు కొద్దిమంది పండితుల వ్యాపకం. 1876లో డెన్మార్క్ భాషావేత్త విల్‌హెల్మ్ థామ్‌సెన్ ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చి, రష్యా రాజ్యానికి మూలాలు స్కాండినేవియాలో ఉన్నాయని ఉపన్యాసాలిచ్చాడు. ఈ మాట మీద రష్యాలో వందేళ్లకు పైగా రగడ నడుస్తూనే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో అది పండితుల చర్చ, అంతే. గిరాకీ రాజకీయంతో వచ్చింది. 1907లో బ్రిటన్, రష్యా ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఏడాదే లివర్‌పూల్‌లో బెర్నార్డ్ పేర్స్ రష్యా చదువులకు విభాగం తెరిచాడు. తర్వాతి కాలంలో లండన్ విభాగాన్ని నడిపిందీ ఆయనే.

1922 నుంచి అక్కడ రష్యన్ సాహిత్యం చెప్పిన ద్మీత్రీ మీర్‌స్కీ కథ వేరు. జారు చక్రవర్తి హోంమంత్రి కొడుకు, రాజవంశీకుడు, విప్లవంలో ఎర్రసైన్యం మీద పోరాడి ఓడినవాడు. ఆయన ఇంగ్లీషులో రాసిన రష్యన్ సాహిత్య చరిత్రను ఇప్పటికీ చదువుతున్నారు. అలాంటి మనిషి 1931లో బ్రిటన్ కమ్యూనిస్టు పార్టీలో చేరి, మరుసటి ఏడాది సోవియట్ యూనియన్‌కు తిరిగి వెళ్లిపోయాడు. 1937లో అరెస్టయి, 1939లో మగదాన్ ప్రాంతంలోని శిబిరంలో చనిపోయాడు. ఈ రంగంలో గురువుకూ పాఠ్యాంశానికీ మధ్య సురక్షితమైన దూరం ఎప్పుడూ లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డబ్బు అమెరికా నుంచి వచ్చింది. 1946లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ నిధులతో కొలంబియాలో, 1948లో కార్నెగీ నిధులతో హార్వర్డ్‌లో రష్యా అధ్యయన కేంద్రాలు వెలిశాయి. హార్వర్డ్ కేంద్రానికి తొలి డైరెక్టరు క్లైడ్ క్లక్‌హోన్ అమెరికన్ ఆదివాసులైన నవాహోల మీద పనిచేసిన మానవశాస్త్రవేత్త! మాస్కోకు వెళ్లే వీలు లేదు కాబట్టి, సోవియట్ నేల విడిచి వచ్చిన వందలాది మంది శరణార్థులను కూర్చోబెట్టి ప్రశ్నలడిగించారు. ఖర్చు అమెరికా వైమానిక దళానిది. శత్రువును అర్థం చేసుకోవడానికి ఇచ్చిన డబ్బుతో మంచి సామాజిక చరిత్ర తయారైందని ఒప్పుకోవాలి. మన దగ్గర మాత్రం గిరాకీకి కారణం భయం కాదు, స్నేహం: 1965లో ఢిల్లీలో పెట్టిన రష్యన్ అధ్యయన సంస్థ తర్వాత జేఎన్‌యూలో కలిసింది.

ఈ హడావుడి పట్టని తరగతి ఒకటుండేది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో రచయిత నబకోవ్ రష్యన్ సాహిత్యంతో పాటు యూరప్ నవలలూ చెప్పేవాడు. 'అన్నా కరేనినా' పాఠమంటే, అన్నా మాస్కో నుంచి పీటర్స్‌బర్గ్‌కు రాత్రి ప్రయాణం చేసిన రైలుపెట్టె లోపల ఏ సీటు ఎక్కడుందో బొమ్మ గీసి చూపడం. సిద్ధాంతాలు ఆయనకు గిట్టవు. నన్నడిగితే, ఆ రైలుపెట్టె బొమ్మ చాలా సదస్సు పత్రాల కంటే ఎక్కువ రష్యాను నేర్పుతుంది.

మసారిక్ మాట్లాడిన చిన్న జాతులకు మాత్రం ఈ రష్యా అధ్యయన కేంద్రాల్లో చోటు దక్కింది తక్కువ. పాఠ్యక్రమమంతా మాస్కో చుట్టూనే తిరిగింది. 1973లో హార్వర్డ్‌లో ఉక్రెయిన్ పరిశోధన సంస్థ ఏర్పడిందంటే, విదేశాల్లో స్థిరపడ్డ ఉక్రేనియన్లు చందాలు వేసుకుని నిధి కూడబెట్టబట్టే. 1991లో సోవియట్ యూనియన్ కూలిన తర్వాత భయం తగ్గింది, ఆసక్తీ తగ్గింది. లండన్ విభాగం 1999లో యూనివర్సిటీ కాలేజీలో విలీనమైంది.

2022లో ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టాక ఈ రంగంలో సదస్సులు మళ్లీ జోరందుకున్నాయి. ఈసారి వాదన సొంత ఇంటి మీదికే మళ్లింది: మాస్కో కళ్లతోనే ఆ ప్రాంతమంతటినీ ఎందుకు చూశాం? అమెరికాలో ఈ రంగపు ప్రధాన సంఘం 2023 వార్షిక సదస్సుకు వలసవాద విముక్తినే ముఖ్యాంశంగా పెట్టుకుంది. పరిశోధకుల దారీ మారింది. రష్యా వెళ్లలేనివాళ్లు కీవ్, రీగా, తిబిలీసీ దస్త్రాలయాల తలుపు తడుతున్నారు; ఉక్రెయిన్ 2015లో చట్టం చేసి కేజీబీ దస్త్రాలను అందరికీ తెరిచింది. అయితే ఆ కాగితాల్లో అధిక భాగం రష్యన్‌లోనే ఉంది. మాస్కోను పక్కన పెట్టి చరిత్ర రాద్దామనుకునే విద్యార్థి కూడా ముందు రష్యన్ క్లాసులో పేరు నమోదు చేసుకోక తప్పడం లేదు.