స్టాంపుల రారాజు ఫెరారీ: ఆ కలెక్షన్ ఏమైంది?

నేను నందివాడ నుంచి మాట్లాడుతున్నా. మన బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారి మీద 2009లో పోస్టల్ స్టాంపు వచ్చింది. అంత చిన్న కాగితాల కోసమే బతికిన ఒకాయన గురించి ఈరోజు చెప్తాను.

ఆయన పేరు ఫిలిప్ ఫెరారీ. 1850లో పారిస్‌లో, బాగా కలిగిన ఇంట్లో పుట్టారు. వచ్చిన డబ్బును స్టాంపులకు పెట్టారు. 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు స్టాంపు ప్రపంచంలో ఒకే ఒక్కటి దొరికింది. 1873లో దాన్ని ఒక 12 ఏళ్ల పిల్లాడు ఆరు షిల్లింగులకు అమ్మేశాడు. చేతులు మారి మారి చివరికి అది ఫెరారీ దగ్గరికే చేరింది.

తన కలెక్షన్ జనమంతా చూడాలని ఆయన బెర్లిన్ పోస్టల్ మ్యూజియం పేర వీలునామా రాశారు. 1917లో, ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే స్విట్జర్లాండ్‌లో పోయారు. స్టాంపులేమో పారిస్‌లో ఉండిపోయాయి! ఫ్రాన్స్ ప్రభుత్వం వాటిని జర్మనీ కట్టాల్సిన యుద్ధ పరిహారం కింద తీసుకుని, 1921 నుంచి 1925 దాకా 14 వేలాల్లో అమ్మేసింది. జీవితకాలం కూడబెట్టింది నాలుగేళ్లలో చెల్లాచెదురైపోయింది.

ఆ ఒక్క సెంటు స్టాంపు 2014లో దాదాపు 95 లక్షల డాలర్లు పలికింది. ధర పెరిగింది కానీ, ఆయన కోరిక మాత్రం తీరలేదు.

మీ ఇంట్లో తాతయ్యల నాటి ఉత్తరాలుంటే స్టాంపు పీకొద్దు. కవరుతో, పోస్టాఫీసు ముద్రతో కలిసుంటేనే అది చరిత్ర. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం!