ఏ అంతియొకయ?

అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం తెరచి మీ ముందు ఉంచుకోండి.

19వ వచనం చూడండి. అంతియొకయ నుండి, ఈకొనియ నుండి వచ్చిన వారు లుస్త్రలోని జనులను తమవైపు తిప్పుకొని పౌలును రాళ్లతో కొట్టారు. చనిపోయాడనుకొని పట్టణం వెలుపలికి ఈడ్చేశారు. ఇప్పుడు 26వ వచనానికి రండి. పౌలు బర్నబాలు ఓడ ఎక్కి అంతియొకయకు తిరిగి వచ్చారు. వారిని ప్రార్థనతో సేవకు పంపిన సంఘం అక్కడే ఉంది.

చాలా సంవత్సరాల క్రితం ఒక బైబిలు తరగతిలో నేను ఈ రెండు వచనాలూ జోడించి, "చూశారా, పంపిన ఊరివాళ్లే చంపడానికి వచ్చారు!" అని ఎంతో ఆవేశంగా బోధించాను. తరగతి అయ్యాక ఒక పెద్దావిడ దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, 13వ అధ్యాయంలో పిసిదియలోనున్న అంతియొకయ అని వేరే ఉంది గదా, అది ఏ ఊరండీ?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఏ పాపమూ ఎరుగని సంఘం మీద హత్యాప్రయత్నం మోపానన్నమాట!

ఇన్ని అంతియొకయలు ఎక్కడి నుండి వచ్చాయి? బడి పుస్తకాల్లో చంద్రగుప్త మౌర్యునితో సంధి చేసుకొని 500 ఏనుగులు పుచ్చుకున్న సెల్యూకస్ నికేటర్ గుర్తున్నాడా? ఆయనే కారకుడు. అలెగ్జాండరు సేనానులలో ఒకడు. ఆయన తండ్రి పేరు అంతియొకస్. తండ్రి పేరున 16 పట్టణాలు, తల్లి లవొదికె పేరున 5, తన పేరున 9 కట్టించాడని అప్పియన్ అనే ప్రాచీన చరిత్రకారుడు వ్రాశాడు. (ప్రకటన గ్రంథంలోని లవొదికయ ఆ ఐదింటిలోనిది కాదు. దానికి ఆయన మనుమడు రెండవ అంతియొకస్ తన భార్య పేరు పెట్టాడు. ఆ కుటుంబంలో పేర్లకు కరువు ఉన్నట్టుంది!)

సిరియలోని అంతియొకయ క్రీ.పూ. 300లో ఒరొంతేసు నది ఒడ్డున కట్టబడింది. రోమా సామ్రాజ్యంలో రోము, అలెగ్జాండ్రియాల తరువాత అదే పెద్ద నగరం. శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడింది అక్కడే. యూదయలోని సహోదరులకు కరవు సహాయం పంపిందీ వారే. నేడు అది టర్కీలోని అంతాక్యా. 2023 ఫిబ్రవరి 6న వచ్చిన భూకంపంలో ఆ ఊరు చాలావరకు నేలమట్టమైంది. అక్కడి ఆర్థడాక్సు దేవాలయం కూడా కూలిపోయింది.

పిసిదియ అంతియొకయ అక్కడికి సూటిగా కొలిస్తేనే సుమారు 500 కిలోమీటర్లు. పెర్గే నుండి తౌరు పర్వతాలు ఎక్కి చేరవలసిన మెట్ట ప్రాంతం. క్రీ.పూ. 25లో ఔగుస్తు కైసరు దానిని రోమా ప్రవాసస్థానంగా చేసి, సైన్యం నుండి విరమించిన వారికి అక్కడ భూములిచ్చాడు. తరువాత ఊరు పాడై, ఎక్కడుందో కూడా లోకం మరచిపోయింది. 1833లో స్ముర్నలో పాదిరిగా ఉన్న అరండెల్ అనే ఆంగ్లేయుడు యాల్వాచ్ పట్టణం పక్కన ఆ శిథిలాలను గుర్తుపట్టాడు.

లుస్త్రకు రాళ్లు పట్టుకొని వచ్చినవారు ఈ ఊరివారు. నూరు మైళ్లకు పైగా నడిచి వచ్చారు! ద్వేషానికి ఎంత ఓపికో చూడండి.

ఇప్పుడు నేను మరీ ఘోరంగా పోగొట్టుకున్న వచనానికి వద్దాం. 21వ వచనం. లుస్త్రలో రాళ్లదెబ్బలు తిన్న తరువాత పౌలు దెర్బేకు వెళ్లి సువార్త ప్రకటించాడు. అక్కడ నుండి తూర్పుగా సాగితే కిలికియ కనుమ దాటి సొంత ఊరు తార్సు, ఆ తరువాత సిరియ అంతియొకయ. ఇంటిదారి ముందే ఉంది. అయితే ఆయన వెనక్కి తిరిగాడు. లుస్త్రకు, ఈకొనియకు, అంతియొకయకు వెళ్లాడని వాక్యం. ఆ చివరి పేరు చదివి నేను "హమ్మయ్య, ఇల్లు చేరాడు" అనుకున్నాను. ఇల్లు కాదండీ! తనను తరిమివేసిన ఊరు. తన పాదధూళి దులిపి వచ్చిన ఊరు. కొత్తగా నమ్మిన నలుగురు అక్కడ ఉన్నారు గనుక వారిని స్థిరపరచి, పెద్దలను ఏర్పరచడానికి వెళ్లాడు. సిరియ సంగతి ఇంకా ఐదు వచనాల తరువాత గాని రాదు.

రెండవ తిమోతి 3వ అధ్యాయం 11వ వచనంలో పౌలు తన హింసలను జ్ఞాపకం చేస్తూ అంతియొకయ, ఈకొనియ, లుస్త్ర అని వరుసగా చెప్పాడు. పిసిదియ అన్న మాట చేర్చలేదు. తిమోతి ఆ లుస్త్ర ప్రాంతపువాడే. ఏ అంతియొకయ అని అతడు అడగనవసరం లేదు.